మింగితే నొప్పి, ఎసిడిటీ అనుకున్నాను: నా అనుభవం

గుటక వేస్తే రొమ్ము ఎముక వెనకాల గీరుకుపోతున్నట్టు నొప్పి. మొదట్లో ముద్ద దిగేటప్పుడే ఉండేది, రెండు వారాలు తిరిగేసరికి మంచినీళ్లు తాగినా, ఉత్త ఉమ్ము మింగినా, అది ఎక్కడిదాకా దిగిందో వేలు పెట్టి చూపించగలిగేంత తెలిసేది. ఎసిడిటీ అనుకుని నేనే మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాను, ఏమీ తగ్గలేదు. ఛాతీలో మంట వేరు, మింగుతుంటే నొప్పి వేరు. ఈ తేడా ముందే తెలిసుంటే అన్ని రోజులు ఓర్చుకునేదాన్ని కాదు.

డాక్టరుగారు నోరు తెరిపించి చూస్తే నాలుక శుభ్రంగానే ఉంది. ఎండోస్కోపీ చేయాలన్నారు. క్యాన్సరేమో అని రెండు రాత్రులు నిద్ర లేదు. గొంతు మొద్దుబారడానికి స్ప్రే కొట్టి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి గొట్టం దించారు, ఓకరింపు వచ్చింది కానీ కాసేపట్లోనే అయిపోయింది. తర్వాత ఫొటో చూపించారు. గులాబీ రంగు అన్నవాహిక గోడ మీద సున్నం చిలికినట్టు తెల్లటి పాచి, నీళ్లు కొట్టినా కదల్లేదట. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాండిడా అని వచ్చింది. చాలామంది నోట్లో, పేగుల్లో ఊరికే ఉండే ఈస్ట్ అనే ఫంగసే అది, అదను దొరికితే ఇలా పెరిగిపోతుంది.

నా విషయంలో అదను ఆస్తమాకి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. "పీల్చాక నోరు పుక్కిలిస్తున్నారా?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నిజంగా బాధేసింది. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా రాశారు. రెండోది వినగానే గుండె గుభేల్‌మంది, కానీ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి చూడాల్సిందే. రెండూ నార్మల్.

ఫంగస్‌కి వాడే ఫ్లుకొనజోల్ మాత్రలు రాశారు: మొదటి రోజు 400 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకి 200, మొత్తం 3 వారాలు. రక్తం పలచబడే మందులు, కొలెస్ట్రాల్ మాత్రలు ఏమైనా వాడుతున్నానేమో ముందే అడిగారు, వాటితో దీనికి పడకపోవచ్చట. నాలుగో రోజు పొద్దున నీళ్లు తాగి, నొప్పి కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాను. రాలేదు! పదో రోజుకి పూర్తిగా బాగయ్యాననిపించి మాత్రలు ఆపేద్దామనుకున్నాను, మధ్యలో ఆపితే తిరగబెడుతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

ఇన్‌హేలర్ మానలేదు, సొంతంగా మానేయకూడదు కూడా. ఇప్పుడు స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టి పీలుస్తున్నాను, వెంటనే నీళ్లతో గొంతుదాకా పుక్కిలించి ఉమ్మేస్తున్నాను. మర్చిపోకుండా ఇన్‌హేలర్‌ని సింక్ పక్కనే, గ్లాసులో పెట్టుకుంటున్నాను.