సిమెంట్ రేటు, ఫ్యాక్టరీ ఓనరు, మధ్యలో కాంపిటీషన్ కమిషన్

నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర విష్ణుపురం సిమెంట్ ఫ్యాక్టరీని పాతవాళ్లు ఇప్పటికీ రాశి ఫ్యాక్టరీ అనే అంటారు. బి.వి.రాజు గారు పెట్టిన రాశి సిమెంట్స్‌ది అది. 1998లో చెన్నై నుంచి ఇండియా సిమెంట్స్ వాళ్లు షేర్లు కొనుక్కుంటూ వచ్చి ఆయన చేతిలోంచి కంపెనీని తీసేసుకున్నారు, అప్పట్లో పెద్ద సంచలనం అది. 2024లో ఆ ఇండియా సిమెంట్స్‌నే అల్ట్రాటెక్ కొనేసింది, డిసెంబర్లో సీసీఐ, అదే కంపెనీల మధ్య పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర ప్రభుత్వ కాంపిటీషన్ కమిషన్, ఓకే చెప్పింది. సున్నపురాయి గనీ అదే, రాయి కాల్చే కిల్నూ అదే, యజమాని మాత్రం మూడో ఆయన.

ఎవరు కొంటే మనకేంటి అనుకోకండి, సిమెంట్‌లో దీనికి చాలా విలువుంది. బస్తా 50 కిలోలు, విలువ తక్కువ బరువు ఎక్కువ, రెండు మూడొందల కిలోమీటర్లు దాటితే లారీ కిరాయే లాభాన్ని తినేస్తది. అందుకే రాజస్థాన్‌లో వంద కంపెనీలున్నా గుంటూరులో ఇల్లు కట్టుకునేవాడికి ఒరిగేదేం లేదు. వాడికి పల్నాడు, నల్గొండ, కడప, తాడిపత్రి చుట్టూ ఎవరున్నారన్నదే లెక్క.

మొన్న మా పిన్నివాళ్ల ఇంటి స్లాబ్ టైంలో ఇది దగ్గర్నుంచి చూశాను. సెంట్రింగ్ అయిపోయింది, ఇనుము కట్టేశారు, మేస్త్రీ ఎల్లుండి కాంక్రీట్ అన్నాడు, సరిగ్గా అప్పుడే రేటు పెరిగింది. డీలర్ తన ఫోన్ చూపించాడు, మూడు బ్రాండ్ల నుంచి మెసేజ్‌లు, పెంచింది ఒకేలా, అమల్లోకొచ్చే తారీఖూ ఒకటే. "వారం పది రోజులు ఆగితే కొంచెం దిగుతుందన్నా" అన్నాడు. ఇనుము కట్టాక ఎవడాగుతాడు, సెంట్రింగ్ వాడికి అద్దె ఎవరు కడతారు?

ఇక్కడే చట్టానికి చిక్కు. ముగ్గురు ఒకే రోజు ఒకేలా పెంచితే కుమ్మక్కయ్యారని మనకి అనిపిస్తుంది కానీ అదొక్కటే నేరం కాదు. నలుగురే ఉన్న మార్కెట్‌లో ఒకడు పెంచితే మిగతావాళ్లు చూసి ఫాలో అయిపోవచ్చు, మాట్లాడుకోవాల్సిన పనే లేదు. అందుకే బిల్డర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద సీసీఐ 2012లో 11 కంపెనీలకి దాదాపు 6,300 కోట్ల ఫైన్ వేసినప్పుడు, రేట్లు కలిసి కదలడంతోపాటు ఇంకా చాలా చూపించింది, తయారీదారుల సంఘం మీటింగులు, ఆ సంఘం ద్వారా రేట్ల సమాచారం చేతులు మారడం, కెపాసిటీ ఉండి కూడా తక్కువ తయారు చేయడం లాంటివి. నాకు ఆ చివరిదే అసలు పాయింట్ అనిపిస్తది. నిజంగా పోటీ ఉంటే కిల్న్ ఖాళీగా ఉన్నవాడు రేటు తగ్గించి పక్కోడి కస్టమర్‌ని లాక్కోవాలి కదా. మన సౌత్‌లో అవసరానికి మించి కెపాసిటీ ఉందని ఇండస్ట్రీ వాళ్లే ఏళ్ల తరబడి చెప్తున్నారు, మరి రేటు ఎందుకు పెంచగలుగుతున్నారు?

ఆ కేసు గతి చూస్తే బాధేస్తది. వాదనలు వినని సీసీఐ ఛైర్మన్ ఆర్డర్ మీద సంతకం పెట్టారని 2015లో అప్పటి కాంపిటీషన్ అప్పీల్ ట్రిబ్యునల్ ఆ ఫైన్ కొట్టేసింది. 2016లో సీసీఐ మళ్లీ విని మళ్లీ ఫైన్ వేసింది, 2018లో కంపెనీ లా అప్పీల్ ట్రిబ్యునల్ సరేనంది, అదే ఏడాది సుప్రీంకోర్టు కంపెనీల అప్పీళ్లు తీసుకుని ఫైన్‌లో 10 శాతం డిపాజిట్ కట్టమంది. 2010లో ఫిర్యాదు చేస్తే ఎనిమిదేళ్లకి వచ్చింది ఇక్కడిదాకా.

ఈలోపు మార్కెట్టే మారిపోయింది. 2022లో అదానీ వాళ్లు స్విట్జర్లాండ్ కంపెనీ హోల్సిమ్ నుంచి అంబుజా, ఏసీసీ రెండూ కొన్నారు, 2024లో మన పెన్నా సిమెంట్ కూడా. రామగుండం పక్కన బసంత్‌నగర్ కేశోరాం సిమెంట్ ఫ్యాక్టరీ కూడా అల్ట్రాటెక్‌కే పోయింది. తాడిపత్రిలో అల్ట్రాటెక్‌కి ముందే ప్లాంటుంది, పక్కనే కడప జిల్లాలో ఇండియా సిమెంట్స్‌వి చిలంకూరు, ఎర్రగుంట్ల ప్లాంట్లు ఇప్పుడు వాళ్లవే. పదిమంది రహస్యంగా కూర్చుని రేటు అనుకుంటే కార్టెల్, ఫైన్. ఆ పదిమందినీ ఇద్దరు కొనేస్తే అది బిజినెస్, పర్మిషన్. సిమెంట్ అమ్మేవాళ్లకి రేటు మీద పట్టు మాత్రం రెండిట్లోనూ వస్తుంది.

ఇండియా సిమెంట్స్ అప్పటికి నష్టాల్లో, అప్పుల్లో ఉంది, ఎవరో ఒకరు కొనకపోతే మూతపడేదేమో అంటారు, అది కాదనను. పెద్ద కంపెనీ చేతిలో కరెంట్, బొగ్గు ఖర్చు తగ్గడం కూడా నిజమే. కానీ ఆ తగ్గింది బస్తా రేటులోకి రావాలంటే పక్కన ఇంకొకడు ఉండాలి. 2025 సెప్టెంబర్లో సిమెంట్ జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది చూడండి, ఆ పది శాతంలో కొనేవాడి దాకా ఎంత నిలుస్తుందన్నది కూడా పోటీ ఉందా లేదా అన్నదాన్నిబట్టే.

దీనికి దారి లేకపోలేదు, సీసీఐ చేసి చూపించిందే. ఫ్రాన్స్ కంపెనీ లఫార్జ్, హోల్సిమ్ ప్రపంచస్థాయిలో కలిసినప్పుడు మన సీసీఐ దేశం మొత్తం వాటా చూసి వదిలేయలేదు, తూర్పు రాష్ట్రాలని విడి మార్కెట్‌గా లెక్కేసి అక్కడి లఫార్జ్ ప్లాంట్లు రెండు, జోజోబెరా, సోనాడీ, అమ్మేయమంది, చివరికి లఫార్జ్ ఇండియా వ్యాపారమంతా 2016లో నిర్మాకి వెళ్లింది, అంటే మార్కెట్‌లో కొత్త మనిషి ఒకడు నిలబడ్డాడు. కడప-తాడిపత్రి, నల్గొండ-పల్నాడు క్లస్టర్లకి కూడా అదే కొలత పెట్టాలి, ఏ ప్లాంటు ఎవరిది, కెపాసిటీ ఎంత, నెలకి ఎంత తయారైంది, జిల్లాలవారీగా అందరికీ కనపడేలా పెట్టాలి, ముందుముందు ఇక్కడ ఎవరైనా ఇంకో ప్లాంటు కొంటామని వస్తే మొదట చూడాల్సిన కాగితం అదే అవ్వాలి.