సెలూన్ అద్దంలో హీరోలు

ఈ ఉదయం మేనల్లుడిని వెంటబెట్టుకుని మా వీధి చివర ఉన్న సెలూన్‌కు వెళ్ళాను. ఆదివారం కావడంతో బెంచీ నిండా జనం ఉన్నారు. కుర్చీ ఎక్కగానే వాడు ఫోనులో ఒక క్రికెటరు ఫోటో చూపించాడు. షాపు యజమాని కొడుకు దానివైపు ఒక్కసారి చూసి, మారుమాట లేకుండా ట్రిమ్మర్ అందుకున్నాడు. కత్తెర పక్కన పెట్టి చాలాకాలమైన పెద్దాయన నా పక్కనే కూర్చుని, "మా రోజుల్లో ఫోటో ఎందుకండీ, హీరో పేరు చెబితే చాలు" అన్నారు. ఆ మాటతో మా ఇద్దరికీ మధ్యాహ్నం దాకా కాలక్షేపమైంది.

ఆయన ఎక్కువగా తలుచుకున్నది శోభన్ బాబు రింగును. 1970లలో నుదుటి మీద అలవోకగా వేలాడినట్టు కనిపించిన ఆ ఒక్క ఉంగరం కోసం, పుట్టుకతో నిటారు జుట్టు ఉన్న కుర్రాళ్ళు కూడా కొబ్బరినూనె రాసి, పాయను వేలికి చుట్టి, అద్దం ముందు చాలాసేపు నిలబడేవారట. చెమట పట్టేసరికి అది విడిపోయి కంట్లో పడేది. అదే కాలంలో కృష్ణ అభిమానులు చెవులు కప్పేలా జుట్టు పెంచితే, ఇళ్ళల్లో పెద్దలు దాన్ని హిప్పీ వేషమని తిట్టిపోసేవారు. ఆ రోజుల్లో చాలామంది హీరోలు తెర మీద విగ్గులు పెట్టుకునేవారన్నది తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది. అభిమాని సొంత జుట్టును పెంచి, నూనె పెట్టి, తిట్లు తిని మరీ అనుకరించినది ఒక్కోసారి ఎవరి జుట్టూ కాదన్నమాట.

1983లో 'ఖైదీ' వచ్చాక చిరంజీవిలా వెనక మెడ మీదికి దిగే జుట్టు మా కాలేజీ అంతటా కనిపించింది. ఆ తరువాత చాలా ఏళ్ళకు, 2003లో 'తేరే నామ్' చూసిన కుర్రాళ్ళు సల్మాన్ ఖాన్‌లా నడుమ పాపిడి తీసి జుట్టును కళ్ళ మీదికి వదిలారు. హీరోలకే పరిమితమైన ఈ మోజును ధోనీ క్రికెట్‌కు తెచ్చాడు. 2006లో లాహోర్‌లో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ అందరి ఎదుటా ఆ పొడవు జుట్టును మెచ్చుకుని, కత్తిరించవద్దని సలహా ఇచ్చాడు. ధోనీ తరువాత కత్తిరించనే కత్తిరించాడు.

హీరో కోరికను మాత్రమే పుట్టిస్తాడని, ఆ కోరిక వీధి సెలూన్ దాకా రావాలంటే అక్కడి చేతిలో తగిన పనిముట్టు ఉండాలని నాకు అనిపిస్తుంది. కరెంటు మిషన్లు లేని కాలంలో జుట్టు పెంచడం, మెట్లు మెట్లుగా కత్తిరించడం చెలామణీ అయ్యాయి. 2008లో హిందీ 'గజిని' కోసం ఆమిర్ ఖాన్ జుట్టును బాగా పొట్టిగా కత్తిరించుకుని గాటు గీతలతో కనిపించే నాటికి కరెంటు మిషన్లు ఊళ్ళకు వచ్చేశాయి కనుక, ఆ గీతలు కుర్రాళ్ళ తలల మీదికి తేలికగా ఎక్కాయి. ఇప్పుడు మేనల్లుడు అడిగిన ఫేడ్ కూడా ట్రిమ్మర్ బిడ్డే. చెవి దగ్గర చర్మం కనిపించేంత పొట్టిగా మొదలై, పైకి పోతున్నకొద్దీ అంచు తెలియకుండా ఒత్తుగా మారడం ఒట్టి కత్తెరతో ఎంతో ఓపిక ఉంటే తప్ప కుదరదు. 2017లో 'అర్జున్ రెడ్డి' తరువాత గడ్డం కూడా ఈ లెక్కలో చేరింది. ఆ సినిమా వల్ల బ్లేడుకు పని తగ్గి, గడ్డం అంచులు దిద్దే పని పెరిగిందని పెద్దాయన అన్నారు.

వెనకటి హీరోలు ఏళ్ళ తరబడి ఒకే క్రాఫుతో కనిపించేవారు. ఇప్పటివారు సినిమాకొక రూపం మారుస్తున్నారు కనుక మేనల్లుడి మోజు కూడా ఎంతోకాలం నిలవదు. అయినా పెద్దాయనకు ఈ కాలమే నచ్చిందట. జుట్టు పెంచే రోజుల్లో కుర్రాళ్ళు నెలల తరబడి కుర్చీ ఎక్కేవారు కారు. ఫేడ్ అయితే రెండు మూడు వారాలకే రూపు చెడి వాళ్ళే తిరిగి వస్తారని చెబుతూ, గల్లాపెట్టె తెరిచి నాకు చిల్లర ఇచ్చారు.