డ్రమ్ము మీద మన పేరు లేదు

2025 జూన్‌లో ఒక రోజు పొద్దున్నే చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందర, మా చిన్నాయన పక్కన ట్రాక్టర్ నీడలో కూర్చోనున్నాను. నేను తిరుపతిలో ఇంట్లోంచే పని చేస్తాను, బెంగళూరు కంపెనీ, బ్రాండింగ్ టీమ్. ఆ రోజు లీవ్ పెట్టి ఆయనకి క్యారియర్ తీస్కపోయినా. అప్పటికే రెండు రాత్రులు క్యూలోనే ఉన్నాడు, టోకెన్ జేబులో ఉంది, బండి మాత్రం కదల్లేదు, కింద వరస కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారతా ఉంది. ఆ కాయ తోతాపురి మామిడి, దానికి ఆ ఏడాది గవర్నమెంటు కిలో 12 రూపాయలని చెప్పింది, అందులో 8 ఫ్యాక్టరీ ఇయ్యాల, 4 సర్కారు ఇస్తుంది. చిన్నాయన సద్దన్నం తింటా తింటా అడిగినాడు, "పాపా, నువ్వు చేసేది పేర్లు పెట్టే ఉద్యోగమే కదమ్మా, మరి మన కాయకి పేరు ఎందుకు లేదు?"

నాకు వెంటనే జవాబు రాలేదు.

తర్వాత చాన్నాళ్ళు దీని గురించే ఆలోచించినా. చిత్తూరు తోతాపురి గేటు దాటినాక ఏమవుతుందంటే, మాగబెట్టి, కడిగి, గుజ్జు తీసి, వేడి చేసి, గాలి తగలకుండా సంచిలో నింపి, 200 లీటర్లకు పైగా పట్టే ఇనప డ్రమ్ములో పెట్టి మూసేస్తారు. డ్రమ్ము మీద రకం పేరు, బ్రిక్స్ అంటే తీపి ఎంత, బ్యాచ్ నంబర్ ఉంటాయి అంతే. అది గల్ఫ్‌కి పోతుంది, యూరప్‌కి పోతుంది, మన దగ్గరే జ్యూస్ బాటిళ్ళలోకి కూడా పోతుంది, బాటిల్ మీద ఇంకొకరి పేరు ఉంటుంది. తాగేవాళ్ళకి ఆ రుచి ఏ ఊరి తోటదో తెలిసే దారే లేదు. ఫ్యాక్టరీవాళ్ళని ఒక్కర్నే తప్పు పట్టడానికి కూడా నాకు మనసు రాదు, వాళ్ళకీ పేరు లేదు, పోయినేడు సరుకు గోడౌన్లో మిగిలిపోయి పైనుంచి ఆర్డర్ రాకపోతే వాళ్ళు చేసేది కూడా రేటు తగ్గించడమే. పేరు ఎవరి చేతిలో ఉంటే రేటు వాళ్ళ చేతిలో ఉంటుంది, చివరాఖర్లో ఉండేది కోసేసిన కాయని ఇంటికి వాపసు తీస్కపోలేని రైతు.

మా పక్కనే దీనికి పూర్తిగా వేరే దారి కూడా నా కళ్ళముందే ఉంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల కంపెనీ 1985లో మొదలైంది, గల్లా రామచంద్రనాయుడు గారు అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చి పెట్టినారు. మొదట్లో వాళ్ళు చేసింది టెలికాం, రైల్వే లాంటి పెద్ద ఆఫీసులు కొనే బ్యాటరీలు, మామూలు మనుషులకి కనపడే వస్తువు కాదు. అక్కడే ఆగిపోయుంటే బాగానే నడిచేది కూడా. కానీ 2000లో అమరాన్ అని సొంత పేరుతో కారు బ్యాటరీ తెచ్చినారు, ఇప్పుడు ఎక్కడో ఇంకో రాష్ట్రంలో మెకానిక్ షాపుకి పోయినా ఆ పేరు చెప్పి అడుగుతారు. అది చూసినప్పుడల్లా మా ఊరి దగ్గర్నుంచి వచ్చింది కదా అని నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

ఇంతకీ పేరు గురించి నాకింత పట్టింపు ఎందుకంటే ఉద్యోగంలో నేను కూడా డ్రమ్ములోనే పోయినా. బెంగళూరులో నా మొదటి ఆఫీసులో ఒక మసాలా ప్యాకెట్‌కి పేరు, రంగులు, వెనకాల రాసే కథ మొత్తం మూడు వారాలు కూర్చుని చేసినా, క్లయింట్ మీటింగ్‌కి నన్ను రావొద్దన్నారు, ప్రజెంటేషన్ మొదటి పేజీలో మా లీడ్ పేరొక్కటే ఉంది. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు పిల్లలు పని చేస్తారు. ఈ టీమ్‌కి నేను వచ్చిన మొదటి నెలలోనే ఒక పద్ధతి పెట్టినా, ఎవరు చేసిన పేజీ కింద వాళ్ళ పేరు ఉండాల, క్లయింట్‌కి వాళ్ళే చెప్పాల, ఇంగ్లీషు తడబడినా పర్వాలేదు. కొన్నాళ్ళు బాగుంది. తర్వాత ఒక అబ్బాయి వేసిన లేబుల్లో బరువు తప్పు పడింది, ప్రింట్ కూడా అయిపోయింది. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి, "అక్కా, ఆ పేజీలో నా పేరు తీసేయండి అక్కా" అని ఏడ్చినాడు. నాకప్పుడు తెలిసింది నేను సగమే ఆలోచించినానని, పేరు ఇస్తే మెచ్చుకోలు ఒక్కటే రాదు, దెబ్బ కూడా వస్తుంది, ఆ దెబ్బ మొదట ఎవరి మీద పడాలో లీడ్ ముందే తేల్చుకోవాల. పొద్దున్నే క్లయింట్‌కి నేను మెయిల్ పెట్టినా, చెక్ చెయ్యాల్సింది నేను, చెయ్యలేదు అని. వాడి పేరు మాత్రం పేజీలో అట్లే ఉంచినా, తర్వాతి మీటింగ్‌లో సరిచేసిన లేబుల్ వాడితోనే చెప్పించినా.

ఈ ఏడు చిన్నాయన గట్టు మీదున్న బేనీషా, అదే బంగినపల్లి, చెట్ల కాయ మాత్రం మండీకి వెయ్యకుండా, గడ్డిలో మాగబెట్టి డబ్బాల్లో సర్ది బెంగళూరులో మా ఫ్రెండ్స్ అపార్ట్‌మెంట్‌కి బస్సులో పంపినాడు, మొత్తం 30 డబ్బాలు. పేరు ఏం పెడదామంటే నేను నాలుగైదు రాసిచ్చినా, అన్నీ చదివి పక్కన పెట్టి, "అవ్వ నాటిన తోట అని రాయమ్మా, నిజం అదే కదా" అన్నాడు. కింద తన ఫోన్ నంబర్ పెద్దగా వేయించినాడు.

నాలుగో రోజు ఒకామె ఫోన్ చేసి మూడు కాయలు చెడిపోయినాయని చెప్పిందంట. ఇన్నేళ్ళలో వేల కిలోలు అమ్మినాడు, తిన్న మనిషి ఆయనకి ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. రాత్రంతా సరిగ్గా పడుకోలేదంట, తెల్లవారుతూనే నాకు ఫోన్ చేసి, "పాపా, ఆమె డోర్ నంబర్ కనుక్కో, ఈ బస్సుకే ఇంకో డబ్బా పంపిద్దాం" అన్నాడు.