91 దాటిన తర్వాత

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున జిమ్‌లో తూకం చూసుకుంటే 93.2 వచ్చింది. కిక్‌బాక్సింగ్ పోటీలకు ఇంకా ఐదు వారాలుంది. రెండు కిలోలకు పైగా తగ్గితే 91 లోపు విభాగంలో ఆడతాను, తగ్గకపోతే 91 పైన. 91 పైన అన్న విభాగానికి నేల ఉంది గాని పైకప్పు లేదు. అక్కడ నా ఎదుట నిలబడేవాడు 95 కిలోలు ఉండవచ్చు, 130 కూడా ఉండవచ్చు. బరువు తగ్గి కింది విభాగానికి పోవడమంటే పారిపోవడమేనని నెల రోజులుగా నాలో నేనే గింజుకుంటున్నాను.

కిందికి దిగమని నోటితో చెప్పి లాభం లేదనుకున్నారేమో, మాస్టారు ఇవాళ స్పారింగ్‌కు, అంటే సాధన పోరుకు, కొత్త కుర్రాడిని ఎదురు నిలబెట్టారు. ఇరవై రెండేళ్ళు, ఆరడుగుల నాలుగంగుళాలు, 126 కిలోలు. ఇదివరకు కబడ్డీ ఆడేవాడట. "అన్నా, మెల్లగానే కొడతాను" అన్నాడు గ్లవ్స్ తొడుక్కుంటూ. నిజంగా మెల్లగానే కొట్టాడు. పాదంతో తోసే ఆ మెల్లని పుష్ కిక్ పొట్టకు ఆనగానే రెండడుగులు వెనక్కి పోయి తాళ్ళకు తగిలాను. నొప్పి లేదు. బియ్యం బస్తాలతో నిండిన తోపుడు బండి వచ్చి ఆనినట్టుంది, అంతే.

మొదటి రౌండంతా నా జాబ్, అంటే ముందు చేతితో సూటిగా వేసే గుద్దు, అతని గ్లవ్స్ దగ్గరే ఆగిపోయింది, అతని జాబ్ మాత్రం నా నుదుటి దాకా వచ్చింది. రెండో రౌండ్‌లో లోపలికి దూరాను. దగ్గరికి చేరితే పొడవాటి చేతులకు పని ఉండదని ఏళ్ళ తరబడి వింటున్నదే. చేరాను. అతను నా మెడ వెనక రెండు చేతులూ వేసి వాలాడు. మోకాలితో కొట్టలేదు, గుంజలేదు, ఊరికే వాలాడు. పది సెకన్లు మోసి ఉంటాను. విడిపోయేసరికి పిక్కలు వణుకుతున్నాయి, మూడో రౌండ్‌లో చేతులు గడ్డం దగ్గర నిలవలేదు. ఎదుటివాడి బరువు దెబ్బలో కన్నా మోతలో ఎక్కువ తెలుస్తుందని నాకు ఇవాళే ఒంటికి పట్టింది.

67 కిలోల వాడిని 71 కిలోల వాడితో కలపరు. నాలుగు కిలోలు ఎక్కువైతే అన్యాయమని గీత గీశారు. 91 దాటగానే ఆ లెక్కంతా వదిలేశారు. అంత బరువున్న వాళ్ళలో ఎవరి దెబ్బయినా ఎవరినైనా పడగొడుతుంది కాబట్టి హద్దు అక్కరలేదంటారు. అందులో కొంత నిజముంది. 2003 మార్చిలో జపాన్‌లోని సైతామాలో మిర్కో క్రొకాప్ దాదాపు 170 కిలోల బాబ్ సాప్‌ను ఒక్క ఎడమచేతి పంచ్‌తో మొదటి రౌండ్‌లోనే కూల్చేశాడు. కానీ అంతకు ముందు ఏడాది అదే సాప్ ఎర్నెస్టో హోస్ట్‌ను రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు ఓడించాడు. హోస్ట్ అంటే అప్పటికే మూడుసార్లు కె-1 గ్రాండ్ ప్రి, అంటే జపాన్‌లో జరిగిన పెద్ద కిక్‌బాక్సింగ్ టోర్నీ, గెలిచినవాడు. కాళ్ళ కదలికలో, దెబ్బ వెంట దెబ్బ పేర్చడంలో అంతటి పనివాడు లేడని నేననుకుంటాను. అతనిలో సగం నైపుణ్యం లేని సాప్ మీదపడి గుద్దులు కురిపిస్తుంటే ఆ విద్యంతా గోడకు ఒదిగిపోయింది. ఆ పోటీలు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. రెండోసారి గెలిచాక సాప్ చెయ్యి గాయంతో తప్పుకోవడం, ఓడిన హోస్టే మళ్ళీ వచ్చి ఆ రాత్రి నాలుగోసారి విజేత కావడం వేరే కథ.

అయినా భారం ఒక్కటే అయితే మొదటి రెండు మూడు నిమిషాలు తట్టుకుంటే గట్టెక్కవచ్చు. భారీ ఒంటికి త్వరగా ఊపిరి చాలకుండా పోతుంది. అసలు చిక్కు ఎత్తుతో. ఎత్తుకు చదువు తోడైతే ఇక సెమీ షిల్ట్. 212 సెంటీమీటర్లు. 2005, 2006, 2007, మళ్ళీ 2009లో గ్రాండ్ ప్రి గెలిచాడు. అతని ఆటలో మెరుపులు లేవని జనం విసుక్కునేవారు. నాకు ఆ విసుగు ఎన్నడూ లేదు. జాబ్, పుష్ కిక్, దగ్గరికొస్తే మోకాలు: ఈ మూడింటితో తన చుట్టూ ఎవరూ దాటలేని కంచె కట్టుకున్నాడు. ఎదుటివాడి తల అతని ఛాతీ దగ్గర ఉంటే మోకాలు ఎక్కువ ఎత్తాల్సిన పని కూడా లేదు.

సాయంత్రం ముంజేతికి ఐసు పెట్టుకుని 2010 డిసెంబరు నాటి గ్రాండ్ ప్రి సెమీఫైనల్ మళ్ళీ చూశాను. టోక్యోలో, పీటర్ ఆర్ట్స్, షిల్ట్. ఆర్ట్స్‌కు నలభై ఏళ్ళు, 192 సెంటీమీటర్లు. ఆ కంచె అవతల నిలబడి ఆలోచిస్తే పని కాదని అతనికి తెలుసు, 2008లో సియోల్‌లో ఇదే మనిషిని ఓడించిన అనుభవం ఉంది. గంట మోగగానే మీదికి నడిచాడు. దెబ్బ తింటూనే నడిచాడు. కుడిచేతిని భుజం మీదుగా తిప్పి విసరడం, అతుక్కుపోవడం, విడదీస్తే మళ్ళీ మీదికి పోవడం. షిల్ట్ కాలు ఎత్తడానికి చోటివ్వకపోవడమే అతని ఎత్తుగడంతా. మూడు రౌండ్లు అదే పని. తీర్పు ఆర్ట్స్‌కు వచ్చినప్పుడు ఇన్నిసార్లు చూసినవాడినైనా కుర్చీలోంచి లేచాను.

ఇదివరకెప్పుడూ వీడియో అక్కడే ఆపేసేవాడిని. ఇవాళ ఆపలేదు. అదే రాత్రి ఫైనల్లో అలిస్టర్ ఓవరీమ్ ఎదురయ్యాడు. మొదటి రౌండ్‌లోనే ముగిసింది. ఓవరీమ్ చిన్నవాడేమీ కాదు, మామూలు రోజున కూడా గట్టి పోటీయే. కానీ గంట మోగేసరికి ఆర్ట్స్ ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా షిల్ట్ దగ్గర ఖర్చయిపోయింది. పొద్దున నా పిక్కలు వణికాయి కాబట్టి నాకు అది కళ్ళకు కాదు, కాళ్ళకు అర్థమైంది.

పెద్దవాడిని చిన్నవాడు గెలవగలడు, దానికి వెల కట్టాలి. మా పోటీల్లోనూ సెమీఫైనల్ గెలిస్తే మర్నాడే ఫైనల్. నేను ఆర్ట్స్‌ను కాను. 91లోకి దిగుతాను. అక్కడి వాళ్ళెవరూ తేలికైన వాళ్ళు కారు, నా ఎత్తున నిలబడి నన్ను చూసి కొట్టేవాళ్ళే. మాస్టారికి ఫోను చేసి చెప్పాను. "నెమ్మదిగా తగ్గు, చివరి రోజున నీళ్ళు మానకు" అని మాత్రం అన్నారు. రేపటి నుంచి రాత్రి అన్నం వద్దని అమ్మకు చెప్పాను. మజ్జిగా రెండు పుల్కాలూ చాలు.

ఒకటి రాయడం మరిచాను. జిమ్ నుంచి వచ్చేటప్పుడు ఆ కుర్రాడు మెట్లు దిగడం చూశాను. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలిపి దిగుతున్నాడు. నేను కొట్టిన లో కిక్‌లు ఏడో ఎనిమిదో తగిలాయి. అంత బరువు మోసే తొడ మీద పడ్డాయి. నన్ను చూసి నవ్వాడు, మోకాళ్ళు ముందు నుంచీ నొప్పేనన్నాడు. ఆ ఒళ్ళు అతనికి ఊరికే రాలేదు, ఆ బరువును మొదట మోసేది అతనే.

ఇందాక సందేశం పంపాడు: "అన్నా, తొడ వాచింది. లో కిక్ వస్తే కాలెత్తి ఆపడం నేర్పుతావా?"

మంగళవారం పొద్దున ఆరింటికి రమ్మన్నాను. మోకాలి కింద ఎముకకు కట్టుకునే షిన్ గార్డులు రెండు జతలు తీసుకెళ్ళాలి, జిమ్‌లోవి అతని కాలికి పట్టవు.