గంట కొట్టగానే మళ్లీ లేవాలి

బ్యాక్‌యార్డ్ అల్ట్రా అంటే ఏంటని ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. ఇదో పరుగు పందెం, రూల్ సింపుల్. గంటకి 6.7 కిలోమీటర్లు. ముందే ముగిస్తే మిగిలిన నిమిషాలు మనవి. మళ్లీ గంట కొట్టేసరికి స్టార్టింగ్ గీత దగ్గర ఉండాలి. 24 గంటలు అలా చేస్తే 100 మైళ్లు. అక్కడితో ఆగదు, ఒక్కరు మిగిలేదాకా సాగుతుంది. 2023లో అమెరికాలో హార్వీ లూయిస్ 108 గంటలు లాగాడు. నాలుగున్నర రోజులు!

నాకంత సీన్ లేదు. రాత్రిపూట బీచ్ రోడ్డు మీద ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇందులో స్పీడుతో పెద్ద పని లేదు, అసలు పరీక్ష మధ్యలో కూర్చునే కుర్చీ. మన వైజాగ్ ఉక్కపోతలో చెమట ఆరదు, బనీను ఒంటికి అతుక్కుపోతుంది. ఉప్పేసిన మజ్జిగ తాగి, రెండు ముద్దలు పెరుగన్నం తిని కూర్చోగానే ఒళ్లు ‘ఇక చాల్లే’ అంటుంది. తెల్లవారుజామున మూడింటికి ఆ మాట మరీ తియ్యగా వినిపిస్తుంది. అప్పుడు ఇంకా ఎన్ని గంటలని లెక్కేస్తే మన పని అయిపోయినట్టే. లేసులు కట్టుకోవడం, లేవడం, గీత దగ్గరికి నడవడం. అంతవరకే ఆలోచించాలి.

మా అమ్మ ఇదంతా విని నవ్వేసింది. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా రాత్రంతా నడిచే మనిషి ఆవిడ. “కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరడమే కదరా, మధ్యలో ఈ కుర్చీలెందుకు?” అంది. ఈ ఆషాఢంలో ఆవిడతో వెళ్తున్నా. నిద్ర లేకుండా కాళ్ల మీద ఉండడానికి అంతకన్నా మంచి ట్రైనింగ్ మన ఊళ్లో నాకు కనిపించలేదు. ఎవరైనా వస్తారా?