వెనుక వేలాడిన గాలం

ఆఫ్రికా తీరానికి దగ్గరలో ఉన్న కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవు నుంచి అట్లాంటిక్ అవతల ఉన్న కరీబియన్ దీవి సెయింట్ లూసియాకు సుమారు 2,700 నాటికల్ మైళ్ల దూరం ఉంటుంది. వ్యాపార పవనాలను వెనుక పెట్టుకొని, సగటున ఐదు నాట్ల (గంటకు ఐదు నాటికల్ మైళ్ల) వేగంతో, నలుగురం ఒక తెరచాప పడవలో ఆ దూరాన్ని 22 రోజుల్లో దాటాము.

రాత్రిళ్లు ఒక్కొక్కరం మూడేసి గంటలు కాపలా కాసేవాళ్లం. పశ్చిమంగా 15 డిగ్రీలు జరిగిన ప్రతిసారీ సూర్యోదయం గంట ఆలస్యమవుతుంది కాబట్టి, గడియారం ముళ్లు తిప్పుకోవడానికి బద్ధకించిన రోజుల్లో తెల్లవారుజాము వంతు వచ్చినవాడు వంతు ముగిసేదాకా చీకట్లోనే కూర్చోవలసి వచ్చేది; అది తరచుగా నేనే. వెలుగు రాగానే మొదటి పని తాళ్లు ఎక్కడైనా ఒరిపిడికి అరుగుతున్నాయేమో చూసుకోవడం, రెండోది రాత్రి ఎగిరి వచ్చి పడిన చేపలను ఏరి పారేయడం. ఎగిరే చేప చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఎండకు ఎండి చెక్కకు అతుక్కున్న దాని పొలుసులను గీకి తీయవలసి వచ్చినవారికి ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవదు.

మా చేపల వేటకు పెద్ద సరంజామా ఏమీ లేదు. యాభై మీటర్ల మందపాటి నైలాన్ తాడు, దాని కొసన ఎరగా గులాబీరంగు ప్లాస్టిక్ స్క్విడ్ (ఒక మెత్తని సముద్రజీవి) బొమ్మ తొడిగిన గాలం, తాడుకు పడవకు మధ్య ఒక రబ్బరు పట్టీ, అంతే. పట్టీ సాగితే ఏదో తగిలినట్టు. అయితే చాలాసార్లు తగిలింది సర్గాసమ్ నాచు. పసుపు గోధుమ రంగులో చాపలు పరిచినట్టు తేలే ఆ నాచు ముల్లుకు చుట్టుకున్నాక ఏ చేపా దాని వంక చూడదు. అందుకే పూటకు పదిసార్లు తాడు లాగి శుభ్రం చేసి మళ్లీ వదిలేవాళ్లం.

నాలుగో రోజున పట్టీ నిజంగానే సాగింది. ఇద్దరం ఉత్సాహంగా తాడు పట్టుకున్నాము, కానీ పడవ ఏడు నాట్ల వేగంతో పోతూనే ఉందన్న సంగతి ఎవరికీ తోచలేదు. వెనుక గాలితో పోయే పడవకు బ్రేకు ఉండదు. చేప బరువుకు నీటి ఒత్తిడి కూడా తోడై, చివరికి చేతికి వచ్చింది వంపు పోయి నిటారుగా సాగిన ముల్లు మాత్రమే. ఆ తరువాత పట్టీ సాగగానే ముందు తెరచాప చుట్టి, ఆ పైనే తాడు ముట్టుకోవాలని నిర్ణయించుకున్నాము.

ఆ పద్ధతి తొమ్మిదో రోజున ఫలించింది. దాదాపు మీటరు పొడవున్న మహీమహీ చేప, ఆకుపచ్చ, నీలం, బంగారు రంగులతో మెరుస్తూ పైకి వచ్చింది. మొప్పల్లో కాస్త చవక మద్యం పోయగానే పెనుగులాట ఆగింది, కొన్ని నిమిషాల్లోనే ఆ రంగులన్నీ వెలిసి బూడిద రంగు మిగిలింది. పొట్ట కోస్తే లోపల రెండు ఎగిరే చేపలు, నేను ఆ ఉదయం గీకి పారేసిన రకమే.

ఉష్ణమండలపు వేడిలో మహీమహీ, ట్యూనా వంటి చేపలను చల్లగా ఉంచకపోతే హిస్టమిన్ అనే, తిన్నవారికి హాని చేసే పదార్థం పుడుతుంది, వండినా అది పోదు. అందుచేత వెంటనే పేగులు తీసి, కడిగి, ముక్కలు చేసి మా చిన్న ఫ్రిజ్‌లో పట్టినంత సర్దాము. అది తిని ముగించేవరకు రెండు రోజులు గాలం వేయవద్దని నేను పట్టుబట్టాను. తినలేనిదాన్ని చంపడం నాకు సమ్మతం కాదు. తోటివారిలో ఒకరికి అది నచ్చక, ఆ రెండు రోజులూ రబ్బరు పట్టీ వైపే చూస్తూ కూర్చున్నారు.

చివరి వారమంతా నాచే తగిలింది, డబ్బా ఆహారమే తిన్నాము. 22వ రోజు వేకువన కొండల అంచు కనిపించినప్పుడు తాడు చుట్టి లోపల పెట్టాను. రబ్బరు పట్టీ బిగువు పోయి, బయలుదేరిన నాటికంటే జానెడు పొడుగైంది.