ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

భాద్రపదంలో ఎదకొచ్చిన వీధికుక్క కార్తీకంలో పిల్లల్ని పెడుతుంది. చూలు దాదాపు 63 రోజులే. మిగతా ఊళ్ల సంగతేమో గానీ, నెల్లూరుకి ఆ నెలలంటే వాయుగుండాల నెలలు. అందుకే ఏటా అక్టోబరు చివర్నించి డిసెంబరు దాకా కాలవ గట్ల మీదా, సగంలో ఆగిన ఇళ్ల మెట్ల కిందా తడిసి ముద్దైన కూనలు దొరుకుతూనే ఉంటాయి. పిలకాయలు చొక్కాలో చుట్టుకుని ఇంటికి తెచ్చేస్తారు. తెచ్చిన పది నిమిషాల్లో ఎవరో ఒకరు గిన్నెలో పాలు పెడతారు. చాలా కూనలు ఆ పాలకే పోతాయి.

అసలు తేవాలా వద్దా అన్నది ముందు తేలాలి. తల్లి తిండికి పోతే రెండు మూడు గంటలు రాకపోవడం మామూలే. కూనలు ఒకదాన్నొకటి ఆనుకుని, పొట్టలు గుండ్రంగా, చప్పుడు లేకుండా పడుకుని ఉంటే తల్లి ఉన్నట్టే. నీళ్లు చేరే చోటైతే పదడుగుల దూరంలో మెరక మీదకి జరిపి, పైన ప్లాస్టిక్ పట్ట కప్పి, బాగా దూరంగా నిలబడి చూడండి. మనం పక్కనే కాపు కాస్తే అది రాదు. పొట్టలు లోపలికి పోయి ఆగకుండా ఏడుస్తున్నా, చీమలు పట్టినా, తల్లి రోడ్డు మీద చచ్చిపడి ఉన్నా అప్పుడు ఇంటికి తేవాలి.

తెచ్చాక మొదటి పని కూన నోట్లో చిటికెన వేలు పెట్టి చూడటం. లోపల వెచ్చగా ఉండి వేలిని చీకితే సరే. నోరు చల్లగా ఉండి, చీకకుండా ఊరుకుంటే ఆ పూటకి పాలు ముట్టించొద్దు. ఒళ్లు చల్లబడ్డ కూనకి పేగులు కదలవు. పోసిన పాలు పొట్టలోనే పులుస్తాయి, కడుపు ఉబ్బుతుంది, కక్కినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి వారంలో దానికి వణకడం కూడా చేతకాదు, వేడి బయట్నించి ఇవ్వాల్సిందే. థర్మామీటరు పెట్టి చూసే అలవాటుంటే, ఆ వయసులో 95 నుంచి 98 ఫారన్‌హీట్ ఉండాలి. 94కి దిగిందంటే పాలు ఆపి, ఒళ్లు వెచ్చబడేదాకా ఆగాలి.

కిరాణా కొట్లో అడిగితే అట్టపెట్టె ఇస్తారు. అడుగున నాలుగు మడతల న్యూస్‌పేపరు, దాని మీద పాత నూలుచీర. పాలియెస్టరు చీర వద్దు, కాళ్లు జారి పక్కలకి చాపుకుపోతాయి, నడక ఆలస్యమవుతుంది. టర్కీ తువ్వాలూ వద్దు, దారాల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. లీటరు సీసాలో చెయ్యి పట్టేంత వేడినీళ్లు పోసి, పాత లుంగీలో చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంటే ఉడుకెక్కిన కూన అటు జరుగుతుంది. సీసాలో నీళ్లు రెండు గంటలకొకసారి మార్చాలి. మర్చిపోయారా, చల్లారిన సీసా కూన ఒంట్లో వేడినే లాగేసుకుంటుంది.

బల్బు వేలాడదీద్దాం అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఇంట్లో ఉన్న ఎల్ఈడీ బల్బు వెలుతురిస్తుంది గానీ వేడివ్వదు. కోడిపిల్లలకి వాడే పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బే కావాలి, అదీ కూనలకి అడుగున్నర పైన. వాయుగుండం రాత్రి కరెంటు ఉంటుందని ఎవరూ నమ్మరు కాబట్టి ఫ్లాస్కులో వేడినీళ్లు నింపి పెట్టుకోండి. తడిసిన కూనని ముందు పొడిగుడ్డతో తుడిచి, గంట రెండు గంటల్లో మెల్లగా వెచ్చబడనివ్వాలి. పొయ్యి పక్కన కూర్చోబెట్టడం, హెయిర్ డ్రయ్యరు పట్టడం లాంటి హడావిడి పనులు వద్దు.

వేడి సరిపోయిందో లేదో పెట్టెలోకి తొంగిచూస్తేనే తెలుస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కుయ్యోమంటుంటే చలి. తలా ఒక మూలకి పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఉడుకు. పక్కపక్కన పడుకుని, నిద్రలో కాళ్లు చిన్నగా ఎగరేస్తుంటే అంతా బాగున్నట్టు. రోహిణి కార్తెలో లెక్క తిరగబడుతుంది. అప్పుడు సీసా జోలికే పోవద్దు, రేకుల వసారాలో పెట్టెని అసలే ఉంచొద్దు.

ఇక పాలు. ఇంట్లో పెద్దావిడ ఎలాగూ అంటుంది: “మీ నాయనకి ఆవుపాలలో నీళ్లు కలిపి పోసే పెంచాను, కుక్కపిల్లకి ఏమవద్దిరా?” ఏమవుతుందంటే విరేచనాలవుతాయి. కుక్క పాలలో కొవ్వు సుమారు 9 శాతం, ప్రొటీన్ 7, 8 శాతం ఉంటాయి. ఆవుపాలలో ఈ రెండూ 3, 4 శాతం దగ్గరే ఆగిపోతాయి, లాక్టోజ్ మాత్రం కుక్క పాలకంటే ఎక్కువ. నీళ్లు కలిపితే ఉన్న బలం కూడా పలచబడుతుంది. పెట్ షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, డబ్బా మీద రాసిన కొలతతో కాచిన నీళ్లలో కలపాలి. రాత్రిపూట అది దొరక్కపోతే మేకపాలతో ఆ రాత్రి గడుస్తుంది, వారం గడవదు.

ఒక పూటకి కొలత: 100 గ్రాముల బరువుకి 4 ఎంఎల్. 350 గ్రాముల కూనకి 14 ఎంఎల్, అంతకు మించొద్దు. ఏడిచిందని ఇంకాస్త పోస్తే అదే కడుపుబ్బరం. మొదటి వారం రెండు మూడు గంటలకొకసారి, రెండో వారం మూడు నాలుగు గంటలకొకసారి, మూడో వారానికి నాలుగైదు గంటలు ఆగొచ్చు. పసిబిడ్డని ఒళ్లో వెల్లకిలా వేసుకున్నట్టు కూనని వెయ్యకూడదు. బోర్లా, పొట్ట నేలకి ఆని, తల కాస్త పైకెత్తి ఉండాలి. పాలపీక తలకిందులు చేస్తే పాలు బొట్టుబొట్టుగా రాలాలి, ధార కట్టకూడదు. సిరంజితో పోస్తే ఒక్కో బొట్టే, అది మింగాక ఇంకోటి. ముక్కులోంచి పాలు వచ్చాయంటే ఆపేసి తల కిందికి వంచండి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఆయాసం, దగ్గు వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. మూడు వారాల లోపు కూన తనంతట తాను ఉచ్చ పోయలేదు, తల్లి నాకితేనే పోస్తుంది. తల్లి లేదు కాబట్టి పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన దూదితో కింద మెల్లగా రుద్దాలి. అరనిమిషం, నిమిషంలో వస్తుంది. ఈ పనిని పిలకాయలకి అప్పజెప్పొద్దు. వాళ్లకి నోటుబుక్కు ఇవ్వండి: రోజూ ఒకే వేళకి వంటింటి డిజిటల్ కాటా మీద బరువు చూసి గ్రాముల్లో రాయడం. రోజుకి 5 నుంచి 10 శాతం పెరగాలి. పెరగకుండా ఒకరోజు ఆగితే ఆరా తీయాలి, తగ్గితే మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి. కాటాకి పైన ప్లాస్టిక్ డబ్బా పెట్టుకోండి, లేకపోతే వంటింట్లో యుద్ధమే.

రాత్రి వంతులకి ఇద్దరు పెద్దవాళ్లు నిజంగా ఒప్పుకుంటేనే మూడు వారాల లోపు కూనల్ని తీసుకోండి. “నేను చూసుకుంటాలే” అన్న ఒక్కరు నాలుగో రాత్రికి అలారం ఆపి పడుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. బాలింత, ఏడాదిలోపు బిడ్డ, కీమోథెరపీలో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే అసలు పెట్టుకోవద్దు. నులిపురుగులు, తామర, గజ్జి కూనల నుంచి మనుషులకి అంటుకుంటాయి. అలాంటి ఇళ్లవాళ్లు పాత నూలుచీరలు ఉతికి పంపినా, బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లినా అదీ చిన్న సాయం కాదు.

ఇంట్లో ముందే కుక్క ఉంటే మొదటి 14 రోజులు వేరే గది, లేదా వాడని బాత్రూము. ఆ గదికి వేరే చెప్పులు, వేరే మగ్గు, పైన తొడుక్కోవడానికి వేరే చొక్కా. ఇదంతా పార్వో అనే వైరస్ జబ్బు భయంతో. కూన ముందు డీలాపడుతుంది, తిండి మానేస్తుంది, కక్కుతుంది, తర్వాత నీచుకంపు కొట్టే రక్త విరేచనాలు. ఇంటి వైద్యం పనిచెయ్యదు, సెలైను ఎక్కాల్సిందే, గంటలు లెక్కపెట్టుకోవాలి. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కి అది చావదు. వాసన మాత్రం శుభ్రంగా వస్తుంది, అదే మోసం. ముందు సబ్బునీళ్లతో మురికి కడిగి, ఒక వంతు ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్‌కి 30 వంతులు నీళ్లు కలిపి నేల తడిపి, పది నిమిషాలు తడిగానే ఉంచి, అప్పుడు కడగాలి. కూనని లోపల పెట్టి కాదు.

నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి, ప్రతి రెండు వారాలకొకసారి, ఎనిమిది వారాల దాకా. మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. గోమార్లు పడితే కిరసనాయిలు పూయడం, పెద్ద కుక్కల స్ప్రే కొట్టడం వద్దు. పటకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, స్పిరిట్ సీసాలో వెయ్యండి. గోళ్ల మధ్య చిదమొద్దు. జ్వరంగా ఉందని పిలకాయల పారాసిటమాల్ సిరప్ వెయ్యకండి. పిల్లికూనకైతే అది ప్రాణాంతకం. పశువుల కోసం 2022లో మొదలైన సంచార వైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. అర్ధరాత్రి ఆయాసపడే కూనకి మాత్రం దగ్గర్లో కుక్కల్ని చూసే డాక్టరు ఎవరన్నది ముందే తెలుసుకుని ఉంచుకోవాలి.

మూడు నాలుగు వారాలకి పళ్లు వస్తాయి, కరుస్తాయి. ఆటలో గీరుకున్నా, వీధిలో దొరికిన కూన కాబట్టి కుక్కకాటు కింద లెక్కే. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. రేబిస్‌కి బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది. ఇప్పుడు చేతులకే, చర్మంలో, 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే, గాయంలోనే వేసే రేబిస్ విరుగుడు మందు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగండి.

నాలుగో వారం నుంచి మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించి చిదిమిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం. ఉప్పూ కారం లేకుండా. చేపల పులుసు మిగిలిందని కలిపి పెట్టొద్దు, ముల్లు గొంతులో పడుతుంది, ఉల్లిపాయ రక్తాన్ని విరుస్తుంది. ఒట్టి పెరుగన్నంతో పెంచితే పొట్ట నిండుతుంది గానీ కాళ్లు వంకర్లు పోతాయి.

ఎనిమిది వారాలకి ముందు ఎవరికీ ఇవ్వకండి. టీకా మొదటి డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, 16 వారాల దాకా. రేబిస్ టీకా మూడు నెలలకి. అడగడానికి వచ్చినవాళ్ల మొదటి ప్రశ్న “మగదా, ఆడదా?” ఆడకూనలే మిగిలిపోతాయి, కాబట్టి ఆపరేషన్ చేయిస్తామన్న మాట ముందే కాగితం మీద తీసుకోండి. పంపేటప్పుడు టీకా కార్డు, మూడు రోజులకి సరిపడా అలవాటైన తిండి, అది పడుకున్న చీరముక్క ఉతక్కుండా ఇవ్వాలి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి దానికి తెలిసిన వాసన అదొక్కటే. అట్టపెట్టెని మాత్రం వచ్చే కార్తీకానికి పనికొస్తుందని అటక మీద దాచకండి, కాల్చేయండి.